మూడు గంటల దొంగ ఫోను

గౌరీశంకర్ బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఆయన దొంగ కాదు గానీ, దొంగ ఫోన్లు చేస్తారు.

తెలియనివాళ్ళు కంగారుపడతారు కనుక వివరంగా చెబుతాను. బరంపురం స్టేషను వెనక మా వీధిలో ఆయనకు తెలిసిన ప్రతి మనిషికీ నెలకి ఒకసారైనా "బ్యాంకు" నుంచి ఫోను వస్తుంది. మీ కార్డు సాయంత్రానికల్లా బ్లాకైపోతుంది, ముందువైపున్న పదహారంకెలూ, వెనకవైపున్న మూడంకెలూ, ఇప్పుడే మీ ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పెయ్యండి అని అవతలి గొంతు తొందరపెడుతుంది. చెప్పారో, పది నిమిషాల్లో బాబాయి సైకిలు మీ గుమ్మం ముందు ఆగుతుంది. "దొరికిపోయేవు! నేనే దొంగనైతే ఈపాటికి నీ ఖాతా ఊడ్చీసుకుందును. పద, జరిమానా!" అంటారు. జరిమానా అంటే వీధి మొదట్లో బండి దగ్గర ఒక ప్లేటు బరా, ఘుగునీ, అంటే గారెలూ బఠాణీల కూరా. అది ఆయన తినరు. ఆయనకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. తప్పు చేసినవాళ్ళ చేతే తినిపిస్తారు, డబ్బులు తనే ఇస్తారు, తింటున్నంతసేపూ పక్కన నిలబడి ఉపన్యాసం ఇస్తారు. బరా గొంతు దిగదు.

రైల్వేలో పార్సిలు గుమస్తాగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. "పార్సిలు మీద రాసిన పేరు సూసి నమ్మకూడదమ్మా. తాడు లాగి సూడాల. ముడి గట్టిగుంటేనే సంతకం" అన్నది ఆయన ఉద్యోగ ధర్మం. రిటైరయ్యాక లాగడానికి తాళ్ళు లేక మనుషుల్ని లాగి చూస్తున్నారు.

ఆయనకి నాలుగు గొంతులున్నాయి. హిందీ సారు, ఒడియా బాబు, తెలుగు మేనేజరు, ముక్కుతో మాట్లాడే ప్రియా మేడం. నాలుగింటికీ మధ్య తేడా తెలియడానికి చేతిరుమాలు ఫోనుకి ఒక మడతో, రెండు మడతలో అడ్డుపెడతారు. గొంతు ఎంత మార్చినా వెనకాల నుంచి వచ్చే వాసవీకుమారి పిన్ని గొంతు మాత్రం మారదు. హిందీ సారు ఢిల్లీ హెడ్డాఫీసు నుంచి కళ్ళెర్రజేస్తూ ఉండగా, వెనకాల "ఏమండీ, పాలోడొచ్చేడు, గిన్ని పట్టండి" అని వినిపిస్తుంది. "ఏక్ మినిట్ సార్" అని హిందీ సారు పాలగిన్నె కోసం వెళ్తారు.

అయినా పడేవాళ్ళు పడుతూనే ఉంటారు. దర్జీ శ్రీనుని ప్రియా మేడం కార్డు చివరి నాలుగంకెలు మాత్రమే అడిగారు. వాడు పదహారూ చదివి, "మిగతా పన్నెండూ కూడా ఉంచండి మేడం, ఎప్పుడికైనా పనికొస్తాయి" అన్నాడు. ఆ నెలలో శ్రీను మూడు ప్లేట్లు తిన్నాడు. మూడోది మాత్రం తినడానికే తప్పు చేశాడని నా అనుమానం.

ఇక నా సంగతి. నా పేరు అరుణజ్యోతి. బాబాయి వాళ్ళ మేడ మీద అద్దెకుంటాను. ఉద్యోగం, నా ఖర్మ కొద్దీ, బ్యాంకులో. ఊరందరికీ ఆయన వల్ల లాభమే, నష్టపోయినదాన్ని నేనొక్కదాన్నే. ఖాతాదార్లకి నేను ఫోను చేస్తే ఇలా ఉంటుంది.

"నమస్కారమండీ, బ్యాంకు నుంచి అరుణజ్యోతిని మాట్లాడుతున్నాను. మీ కేవైసీ కాగితాలు పాతబడ్డాయి, ఒకసారి బ్రాంచికి..."

"గౌరీశంకర్ గారూ! ఈసారి ఆడగొంతు బాగా కుదిరిందండీ. మరి ఎనకాల పిన్నిగారి గొంతు ఏటి, ఇనిపించడం నేదు?"

మొన్న కొత్తగా వచ్చిన మా మేనేజరు, కటక్ ఆయన, పద్ధతిగా పన్నెండు మందికి స్వయంగా ఫోను చేశాడు. పన్నెండు మందీ నవ్వి పెట్టేశారు. పదమూడో ఆయన "ఓటీపీ సెప్పను గాని, బరా తినిపించు" అన్నాడట. మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఎ గౌరీశంకర్ కిఏ?" అని అడిగాడు. ఈ గౌరీశంకర్ ఎవరంటే, ఎవరని చెప్పను? మా ఇంటి ఓనరని చెప్పడానికి నోరు రాలేదు.

ఏటీఎంకి వెళ్ళినప్పుడు ఆయన అవతారమే వేరు. తువ్వాలు తలమీంచి కప్పుకుని, మీటల మీదకి వంగి, లోపల ఏం చేస్తున్నారో యంత్రానికి కూడా తెలియకుండా నొక్కుతారు. అంతకు ముందు కార్డు పెట్టే సందుకి ఎవరైనా దొంగ మూత తగిలించారేమోనని పట్టుకుని లాగి చూస్తారు. పార్సిలు తాడు లాగిన చెయ్యి కదా, ఒకసారి అసలు మూతే ఊడి చేతికొచ్చింది. కాపలా ఈశ్వర్ లబోదిబోమన్నాడు. "ఇంత వదులుగా ఉన్నదాన్ని దొంగోడు మాత్రం లాగడా?" అని బాబాయి వాణ్నే కేకలేసి, ఊడిన మూత తెచ్చి మా బ్రాంచిలో నా బల్ల మీద పెట్టారు.

ఆ ఏటీఎం మెట్ల మీదే నిరుడు బంగారమ్మ దొరికింది. నేనూ అక్కడే ఉన్నాను.

బంగారమ్మది హల్దియాపదర్. అప్పడాలు ఒత్తే మనిషి. నలభై ఏళ్ళుగా ఎవరెవరి కంపెనీలకో కిలోల లెక్కన ఒత్తుతోంది. పెనిమిటి పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ రోజు ఎండలో వరసలో నిలబడి, కళ్ళు తిరిగి మెట్టు మీద కూలబడింది. బాబాయి ఈశ్వర్‌ని తరిమి నీళ్ళు తెప్పించారు.

"బీపీ మాత్ర ఏసుకోనేదు బాబూ" అంది తేరుకుని. "రోజూ మా ఇంటాయన గుర్తుసేసీవోడు. ఆడెల్లిపోయేడు, మాత్ర మర్సిపోతన్నాను."

"పోనీ నేను ఫోను సేసి గుర్తుసేస్తానప్పా" అన్నారు బాబాయి, అక్కని పిలిచినట్టు.

"నువ్వెవుడివి నాకు? నాకు జాలిపడీవోలొద్దు" అని ఠక్కున అనేసి, చెంగుముడి విప్పి కార్డు తీసి, "లోపలికెల్లి ఐదొందలు తీసి పెట్టు. అంకె దాని ఎనకాలే ఉంది" అని ఆయన చేతిలో పెట్టింది. జాలిపడేవాళ్ళు వద్దు గానీ, కార్డు చేతిలో పెట్టడానికి మాత్రం ఎవరైనా పరవాలేదు.

బాబాయి కార్డు తిరగేసి చూసి కొయ్యబారిపోయారు. వెనకవైపు మార్కరుతో పిన్ నంబరు రాసి ఉంది. అయితే తెలుగు అంకెల్లో! పాత పంచాంగాల్లో ఉండే అంకెలు.

"ఇది మా అయ్య నేర్పిన లెక్క" అంది బంగారమ్మ గర్వంగా. "ఒడియావోలికి రాదు, హిందీవోలికి రాదు, మన తెలుగు పిల్లలకీ రాదు. ఏ దొంగోడు సదవగల్డు?"

బాబాయి నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. ఇద్దరికీ ఆ అంకెలు రావు. బ్యాంకులో పదకొండేళ్ళుగా ఉన్నాను, అంత గట్టి తాళం నేనెక్కడా చూడలేదు. అయినా తాళంచెవి తలుపుకే వేలాడుతున్నట్టు లెక్క కనుక, బాబాయి అప్పటికప్పుడు ఆవిడ చేత పిన్ మార్పించారు. ఆవిడ మారుస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి, మళ్ళీ తువ్వాలు కప్పుకుని నిలబడ్డారు. పాత అంకెల్ని స్పిరిటుతో తుడిపించారు. కొత్త పిన్ ఏమిటో ఈ రోజుకీ ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

నేను చెప్పబోయే గొడవ నాటికి ఆ ఖాతాలో డెబ్బై రెండు వేలు చేరాయి. అది ఉట్టి డబ్బు కాదు. బంగారమ్మకి కుడిభుజం లేవడం లేదు. పిండి కలిపి, ఒత్తే చిన్న మిషను కొనుక్కుని, ఇక పరాయి కంపెనీలకి కాకుండా సొంతంగా అప్పడాలు చేసి, ప్యాకెట్టు మీద తన పేరు వేయించుకోవాలని ఆవిడ కోరిక. "నలబై ఏల్లు ఒత్తేను. ఏ పేకిట్టు మీదా నా పేరు నేదమ్మా" అంది నాతో. కొటేషను కాగితం మడతపెట్టి కార్డుతో పాటే చెంగులో కట్టుకుని తిరుగుతోంది. ఇంకో ఎనిమిది వేలు కూడితే మిషను వస్తుంది.

ఆ ఏటీఎం రోజు నుంచి బాబాయి దొంగ ఫోన్ల పట్టీలో బంగారమ్మ పేరు చేరింది. అందులో వింతేం లేదు. వింతేమిటంటే, అందరికీ నెలకి ఒకసారి ఫోను వస్తే, ఆవిడకి రోజూ! మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకి.

శలవు రోజుల్లో నేను ఇంట్లో ఉంటాను కనుక గమనించాను. మిగతావాళ్ళకి బాబాయి వరండాలో కూర్చుని, వీధంతా వినేలా దర్జాగా ఫోను చేస్తారు. మూడు గంటల ఫోనుకి మాత్రం లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. పావుగంట దాకా రారు. వచ్చాక మొహం వెలిగిపోతూ ఉంటుంది.

"ఏం బాబాయ్, ఆవిడ పడిందా?" అని అడిగేదాన్ని.

"ఆవిడా? పడదమ్మా! కడిగీసింది నన్ను. నా జిమ్మడిపోనని కూడా తిట్టింది" అనేవారు సంబరంగా.

"ఒక్కసారైనా పడని మనిషికి రోజూ పరీక్ష ఎందుకు?"

"ముడి గట్టిగుందని వొదిలీకూడదమ్మా" అని వెళ్ళిపోయేవారు.

ఈ జవాబు నాకు ఆనలేదు. పిన్నిని అడిగితే, "నాకేటి తెలుసమ్మా. బేంకు రహస్యమట, తలుపేసుకుంటారు" అంది. ఒక ఆదివారం బట్టలు తీసే మిషతో కిటికీ దగ్గర చెవి పెట్టాను. "రంగేటి మేడం? తెలుపా, గులాబీయా?" అన్న ఒక్క ముక్క వినబడింది. కార్డు రంగు గురించి అనుకున్నాను. రాత్రంతా ఆలోచించినా కార్డు రంగుతో దొంగకేం పనో తోచలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అనుమానం వచ్చింది. బ్యాంకులో పనిచేసేవాళ్ళ బుర్ర అలాగే తగలడుతుంది. ముసలివాళ్ళ ఖాతా ఖాళీ అయిందంటే మేం ముందు చూసేది వాళ్ళ దగ్గర బాగా చనువుగా ఉన్నవాళ్ళనే. ఒంటరి ఆడమనిషి, డెబ్బై రెండు వేలు, రోజూ తలుపేసుకుని ఫోను. ఆయన పెట్టిన కాఫీ తాగుతూనే ఇదంతా అనుకున్నాను.

అలా అనుకున్న వారానికే రెండో శనివారం వచ్చింది. శలవు. నేను వరండాలో పేపరు చూస్తున్నాను. మూడవగానే బాబాయి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. నిమిషంలో బయటికొచ్చారు.

"లైను బిజీ వస్తంది" అన్నారు.

"ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది బాబాయ్."

"ఎవరున్నారమ్మా ఆవిడికి? ఆ ఫోనుకి నేను తప్ప మనిషి సెయ్యడు."

మూడూ అయిదుకి చేశారు, బిజీ. మూడూ పదికి చేశారు, బిజీ. బాబాయి చేతిలో రుమాలు నలిగిపోతోంది. ఉన్నట్టుండి అరుగు మీద కూర్చుండిపోయారు.

"అసలోడు సేసేడమ్మా" అన్నారు. గొంతు ఆయన నాలుగు గొంతుల్లో ఏదీ కాదు. "అసలు దొంగోడు సేసేడు. ఆవిడ నేననుకుంటాది. దొంగ గొంతు ఇంటే నవ్వడం నేనే నేర్పేను. ఏడాదై నేర్పేను. ఆ డబ్బు పోతే తీసింది నేనే!"

ఆ మాటకి నా చేతిలో పేపరు జారిపోయింది. నిజమే. రోజూ వచ్చే దొంగ మనవాడైతే, నిజం దొంగని ఎలా పోల్చుకోవడం? కార్డు ఆపించాలంటే ఆవిడ నంబరు నుంచే ఫోను చెయ్యాలి, లేదా కార్డు మా కళ్ళముందుండాలి. స్కూటీ తీశాను. బాబాయి లుంగీ మీదే వెనకెక్కారు. పిన్ని వెనకాల నుంచి "ఏమండీ, చొక్కా!" అని విసిరిన చొక్కా దారిలో తొడుక్కున్నారు, తిరగేసి.

దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి, యాభై పెట్టెలకి తక్కువ లేదు. ముప్పై నాలుగేళ్ళు రైల్వే ఉప్పు తిన్న మనిషి ఆ రోజు మొదటిసారి రైలుని తిట్టడం విన్నాను. "ఎల్లెహె! ఇప్పుడే దొరికిందా నీకు ముహూర్తం?" అని గార్డుని కూడా తిట్టారు. పాపం ఆ గార్డు ఆయన్ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

హల్దియాపదర్ చేరేసరికి మూడున్నర. బంగారమ్మ ఇంటి ముందు నులక మంచం మీద అప్పడాలు ఆరుతున్నాయి. తలుపు తీసే ఉంది. లోపల ఆవిడ పీట ముందు కూర్చుని అప్పడం ఒత్తుతోంది. పక్కన స్పీకరులో పెట్టిన బటన్ల ఫోను. ఫోనులోంచి ఒక మగగొంతు హిందీ కలిసిన ఒడియాలో ఏడుపొక్కటే తక్కువగా బతిమాలుతోంది.

"మావుసీ, జల్దీ కుహంతు! ఓటీపీ ఎంతో చెప్పు మావుసీ!"

"ఉండు బాబూ, కల్లజోడు ఎతుకుతన్నాను. కనపడాల గదా" అంటోంది బంగారమ్మ తీరిగ్గా, ఒడియాలోనే. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

మమ్మల్ని చూసి పెదాల మీద వేలు పెట్టింది.

బాబాయి ఆగలేకపోయారు. ఒక్క అంగలో వెళ్ళి ఫోనందుకున్నారు. దొంగని నాలుగు తిట్లు తిడతారనుకున్నాను. వృత్తి గౌరవం ఆయన్ని అటు పోనివ్వలేదు.

"ఏరా!" అన్నారు, ఒకే ఊపిరిలో ఒడియా, హిందీ, తెలుగు కలిపేస్తూ. "ఫోను సేసే పద్ధతేనా ఇది? పెద్దావిడికి ఫోను సేసి ముందు ఎలాగున్నారని అడగవా? అరగంటై ఆవిడ నిన్ను ఆడిస్తంటే తెల్సుకోనేదా? నీకెవడ్రా ట్రైనింగిచ్చేడు?"

అవతలివాడు ఫోను పెట్టేశాడు. నేను అదే ఫోను లాక్కుని, కార్డు ఆపించి, ఖాతా సరిచూసి, సైబరు మోసాలకి ఉన్న 1930 నంబరుకి వాడి నంబరు కూడా చెప్పాను. డెబ్బై రెండు వేలు పైసలతో సహా అలాగే ఉన్నాయి. ఆ మాట చెప్పగానే బాబాయి గోడకి జారగిలబడి కూర్చుని తిరగేసిన చొక్కా కొసతో మొహం తుడుచుకున్నారు.

"కార్డు వివరాలు వాడికెలా తెలిశాయి మామ్మా? ఓటీపీ దాకా వచ్చాడంటే అవి ముందే ఉండాలి" అన్నాను.

బంగారమ్మ తల వంచుకుంది. "ఠాకురాణీ అమ్మోరి జాత్రలో గిఫ్టు కూపనిస్తామంటే, కార్డు జెరాక్సు అడిగేరమ్మా. ఇచ్చేను."

"ఒకవైపేనా?"

"ఒక వైపిస్తే ఏటి బాగుంటాదమ్మా? రెండేపులా ఇచ్చేను."

అడిగినవాడికి అడిగినదానికన్నా ఎక్కువివ్వడం మా ఊళ్ళో మర్యాద. శ్రీనుకీ అదే మర్యాద. ఆ మర్యాదని కార్డు దగ్గర మాత్రం మానుకోమని చెప్పడానికి మేం బ్యాంకువాళ్ళం గోడలకి ఎన్ని కాగితాలు అంటించినా లాభం లేకపోయింది.

"మరి దొంగని ఎలా పట్టేవు? నేననుకోనేదా అప్పా?" అన్నారు బాబాయి నీరసంగా.

"అనుకోకేటి? మూడుకి ఐదు నిమిసాలుందనగా మోగింది. ఓలమ్మ, బాబు ఇయాల ముందే సేసీసేడు అనుకున్నాను. ఒడియాలో మాటాడేడు, ఒడియా బాబు ఒచ్చేడు అనుకున్నాను. ఇంతల ఫోనుకి నంబరొచ్చింది. ఇన్నాల్లూ నువ్వు నంబరు పంపించనేదు, ఇయాల కొత్త యేసం ఏసేవనుకున్నాను." ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "సెప్పీద్దామని నోరు తెరిసేను కూడా."

"ఎందుకప్పా! ఏడాదిగా ఒక్కసారీ సెప్పనేదు కదా!"

"అదే మరి. ఓడిపోయినోలందరికీ బరా, ఘుగునీ పెట్టిస్తావట. నాను రోజూ గెలుస్తన్నాను, నాకెవుడు పెడతాడు? ఒక్క దినం ఓడిపోదామనుకున్నాను."

డెబ్బై రెండు వేలకీ దొంగకీ మధ్య మిగిలింది ఒక ప్లేటు బరా.

"నోరు తెరిసీసి, ఒకమాటు ఆగేను. 'బాబూ, మరి మాత్ర సంగతి అడగవేటి?' అన్నాను. 'మాత్రేటి, ఓటీపీ సెప్పు' అన్నాడు. ఈడు మా బేంకోడు కాడు అనుకున్నాను. అప్పుడి నుంచీ కల్లజోడు ఎతుకుతన్నాను. మూడు మాట్లు నంబరు పంపించేడు, మూడు మాట్లూ దొరకనేదు."

"ఏ మాత్ర?" అన్నాను నేను.

బాబాయి గుమ్మం వైపు చూశారు, పారిపోయే దారి కోసం. గుమ్మంలో నేనున్నాను.

"బీపీ మాత్రమ్మా" అంది బంగారమ్మ. "రోజూ సేస్తాడు కదా. కార్డు బందైపోద్ది, అంకెలు సెప్పండంటాడు. సెప్పను పోరా అంటాను. అయితే వెరిఫికేసనూ అంటాడు. అన్నం తిన్నారా మేడం? మాత్ర ఏసుకున్నారా మేడం? రంగేటి మేడం? ఏసుకోనేదంటే ఫోను పెట్టడు. నాను ఏసుకుని నీలు తాగిన గుటక ఆడికి ఇనిపించాల. అప్పుడు 'మీ కార్డుకి ఇంకో దినం గడువిచ్చేం' అనీసి పెట్టీస్తాడు."

అదీ సంగతి! తెలుపా, గులాబీయా అన్నది మాత్ర సంగతి.

"ఫోను చేసేది బాబాయేనని ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి దినమే తెలిసింది. బేంకు మేనేజరు ఎనకాల ఎవుర్తో 'ఏమండీ, గేసు కట్టీమంటారా' అంటే, అదేటి బేంకు?"

గది తలుపు వేసుకున్నా పిన్ని గొంతు ఆగలేదన్నమాట.

"అలాంటప్పుడు బాబాయ్," అన్నాను, "మాత్ర వేసుకున్నావా అని మామూలుగానే ఫోను చెయ్యొచ్చు కదా?"

బాబాయి నేలచూపులు చూస్తూ అన్నారు: "మామూలుగా సేస్తే 'నువ్వెవుడివి నాకు' అంటాదమ్మా. అన్నాది కూడా, నీ ముందే. దొంగయితే ఎవడని అడగరు. ఏదైనా అడగొచ్చు."

ఆ క్షణాన నా అనుమానం గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. కాఫీ సంగతి కూడా గుర్తొచ్చింది. చెప్పడానికి ధైర్యం చాలక, స్కూటీ తీసుకుని ఊళ్ళోకి పోయి రెండు ప్లేట్ల బరా, ఘుగునీ కట్టించి తెచ్చాను. రెండోది ఎవరికని బాబాయి అడిగారు. నా జరిమానా అని చెప్పాను. ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు ఉపన్యాసం కూడా లేదు.

సోమవారం బ్రాంచికి రాగానే నేను చేసిన మొదటి పని, బంగారమ్మకి కొత్త కార్డు ఇప్పించి, దానికి ఆన్‌లైన్ వాడకం ఆపెయ్యడం. ఒక్క మీట నొక్కితే పోయేది, ఏడాదిగా తోచలేదు నాకు. పెద్ద ఆఫీసర్ని! తరవాత రెండు నెలలకి మిషను కూడా వచ్చింది. ఇప్పుడు మా వంటింట్లో ఉన్న ప్యాకెట్టు మీద "బంగారమ్మ అప్పడాలు" అని మూడు భాషల్లో ఉంటుంది. బరువు మాత్రం తెలుగు అంకెల్లో వేయించింది. ఎంతో ఎవరికీ తెలియదు, తూచుకోవలసిందే.

కాని ఇది ఆ దొంగ దొరికిపోయిన శనివారం మర్నాటి సంగతి చెప్పకుండా ముగిసేది కాదు. ఆదివారం పొద్దున్నే బాబాయి తన నాలుగు గొంతుల రుమాలు ఉతికి ఆరేసి, బీరువాలో పెట్టేశారు. "ఇంక సెయ్యనమ్మా. ఈసారంటే దేవుడు సూసేడు. నా సరదా వల్ల ఎవరి కొంపో మునుగుతాది" అన్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. రెండున్నర అయింది. రెండూ ముప్పావు అయింది. వరండాలో కూర్చుని గడియారం వైపు చూడకుండా ఉండడానికి మెడ తిప్పుకుని మరీ కష్టపడుతున్నారు. మూడయింది. లేవలేదు.

మూడూ రెండు నిమిషాలకి ఆయన ఫోను మోగింది. ఎత్తి, స్పీకరులో పెట్టారు.

"హలో!" అంది ఒక గొంతు. నోటికి చీరచెంగు అడ్డుపెట్టుకున్నట్టుంది. "బేంకు నుంచి మాటాడతన్నాం సార్! మీ కార్డు బందైపోద్ది! పదారంకెలూ సెప్పండి!"

వెనకాల అప్పడాల కర్ర పీట మీద దొర్లుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

బాబాయి కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, వీధంతా వినేలా "సెప్పను! సస్తే సెప్పను!" అన్నారు.

"అయితే వెరిఫికేసను! బీపీ మాత్ర ఏసుకున్నారా సార్?"

"ఆఁ, ఏసుకున్నాను మేడం, పొద్దున్నే..."

"అబద్దం!" అని వంటింట్లోంచి పిన్ని గొంతు వచ్చింది. "ఏసుకోనేదు వదినా! మూడు దినాలై ఏసుకోడం నేదు! ఫోను పెట్టీకండి, ఇప్పుడే నీలు తెస్తన్నాను, గుటక ఇనండి!"